నాన్నగారి పేరున ఉన్న పొలం నా పేరు మీదికి మార్చుకోవాలంటే ఏయే కాగితాలు కావాలి?

"నాన్నగారు పోయారు. ముమ్మిడివరం దగ్గర ఎకరంన్నర కొబ్బరితోట, ఒక పెంకుటిల్లు ఆయన పేరునే ఉండిపోయాయి. నేను బెంగళూరులో ఉంటాను, అక్క కువైట్‌లో ఉంటుంది. నా పేరు మీదికి మార్చుకోవాలంటే ఏ కాగితాలు కావాలి?" అని కదా అడిగారు. అక్క ఉందన్న ముక్క దారిన పోతూ అన్నట్టు అనేశారు. నా లెక్కలో అసలు కాగితం ఆవిడ సంతకమే. మిగతావన్నీ దాని వెనక పెట్టే జిరాక్సులు.

ఆ జిరాక్సుల సంగతి ముందు తేల్చేద్దాం. నాన్నగారి మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తోట ఆయనకి ఎలా వచ్చిందో చెప్పే లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), 1బీ (ఎవరి పేరున ఎంత పొలం ఉందో చెప్పే రెవెన్యూ రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు), శిస్తు రసీదు, వారసులందరి ఆధార్, పాన్, ఫొటోలు, ఇద్దరు సాక్షులు. ఈసీ ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి పాత పుస్తకాల్లో వెతికించాలి. ఈసీలో ఏమీ లేదంటే గొడవలేమీ లేవని కాదు. రిజిస్టర్ కాని వీలునామా, నోటిమాటగా జరిగిన పంపకం అందులో కనపడవు. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఉందేమో కూడా చూసుకోండి. దేవుడి మాన్యం పక్కన ఉన్నందుకే ఒక్కోసారి మన నంబరు కూడా అందులోకి ఎక్కి కూర్చుంటుంది. పెంకుటిల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల స్థలాల కింద వదిలిన భూమిలో, ఉంటే దానికి 1బీ ఉండదు. పంచాయతీ ఇంటి పన్ను రసీదులే ఆధారం, అవి ఎంత పాతవైతే అంత మంచిది. మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే పాత సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం నంబర్లని కొత్తవి వచ్చి ఉంటాయి. ఏ పాత నంబరు ఏ కొత్త నంబరైందో చూపే కాగితం గ్రామ సచివాలయంలో అడిగి తీసుకోండి, లేకపోతే లింక్ డాక్యుమెంటుకీ 1బీకీ పొంతన కుదరదు.

ఇవన్నీ ఏ మీసేవ కుర్రాడైనా చెప్తాడు. వాడు చెప్పనిది మా ఇంట్లో జరిగిందే ఒకటుంది.

మా తాత 1958లో అంబాజీపేట పక్కన ఎకరం ఇరవై సెంట్లు కొన్నాడు. స్వార్జితం. ఆయనకి ఇద్దరే పిల్లలు, మా నాన్న, మా మేనత్త. తాత వీలునామా రాయకుండానే పోయాడు, నాయనమ్మ అంతకుముందే పోయింది. కరణం గారు నాన్న పేరు రికార్డులో ఎక్కించేశారు. అత్తని ఎవరూ అడగలేదు, అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. 1984లో కరణాలు పోయారు, ఆయన రాసిన పేరు మాత్రం కంప్యూటర్ దాకా వచ్చింది. పట్టాదారు పాస్‌బుక్కు, 1బీ, అన్నిటా నాన్న పేరే. నాన్న పోయాక నేనూ తమ్ముడూ సంతకాలు పెట్టేస్తే అయిపోతుందని ఇంట్లో అందరి ధీమా.

దస్తావేజు లేఖరి కళ్లజోడు పైకి తోసుకుని పాత క్రయ దస్తావేజు చూసి, "మీ తాతగారికి సంతానం ఎంతమందండీ?" అన్నాడు. మా తమ్ముడు, "అత్త ఉంది గానీ ఆవిడకి ఎప్పుడో పెళ్లయిపోయింది" అన్నాడు. "పెళ్లయితే కూతురు కాకుండా పోతుందా అండీ?" అన్నాడాయన. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే, తండ్రి స్వార్జితం రాతకోతలు లేకుండా మిగిలిపోతే కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. పిత్రార్జితం సంగతి తర్వాత వచ్చింది. మన రాష్ట్రంలో 1986లో, దేశమంతటికీ 2005లో. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతో వచ్చిందేనని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. "కట్నం ఇచ్చేశాం కదా" అనేవాళ్లు మా వైపు ఇంటికొకరు ఉంటారు. కట్నానికీ దీనికీ సంబంధం లేదు, పైగా కట్నం ఇచ్చామని కాగితం మీద రాసుకుంటే అదో కేసు.

అంటే ఆ పొలంలో సగం అత్తది. ఆవిడ తన వాటా మాకు వదులుకుంటున్నట్టు లేఖరి హక్కు విడుదల దస్తావేజు రాసిపెట్టాడు. అత్త ఉండేది రామచంద్రపురం వైపు. కదల్లేని వాళ్లుంటే ఫీజు కట్టి అర్జీ పెడితే రిజిస్ట్రారే ఇంటికొచ్చి సంతకం తీసుకునే వీలు చట్టంలో ఉంది. ఆ మాట చెప్తే, "నా కాళ్లకేమైందిరా" అని కసిరి, కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి వచ్చేసింది. రేవు దగ్గరికి మావాడు ఆటో పంపాడు.

ఆ పొద్దున సర్వరు లేదు. ఆఫీసు వరండాలో బల్లలన్నీ నిండిపోతే అత్త మెట్టు మీదే కూచుని, "అందాకా అది చదువు బాబూ" అంది. లేఖరి రాగం అందుకున్నాడు. "ఖుషీగానూ, స్వస్థచిత్తముతోనూ వ్రాసి యిచ్చిన హక్కు విడుదల దస్తావేజు... ఎట్టి ప్రతిఫలమునూ పుచ్చుకొనకయే, నా సోదరుని సంతానముపై నాకు గల ప్రేమాభిమానములచే, సదరు ఆస్తియందు నాకు గల సమస్త హక్కులనూ..."

"ఆగు. ప్రేమాభిమానాలని నీకెవరు చెప్పారు? నన్నడిగావా?"

పక్క బల్ల మీద వేరే ఊరివాళ్లు కిసుక్కున నవ్వారు. లేఖరి, "అది మామూలుగా రాసేదేనమ్మా" అన్నాడు. "మామూలుదైతే అక్కర్లేదు, హద్దులు చదువు" అంది.

"తూర్పు, ఫలానా వారి వరి భూమి. దక్షిణం, పంట బోదె..."

"వరి భూమేమిటి నీ మొహం, వాళ్లు చెరువు తవ్వి రొయ్యలు పోసి ఎన్నేళ్లయింది! దక్షిణాన బోదె కాదు, బోదె అవతలి గట్టు. ఆ బోదె మా నాన్న మన చేలోంచే తవ్వించాడు. గట్టు మీద కొబ్బరి మొక్కలు పాతిన నాడు నేను గుంటలో ఉప్పు పోశాను."

నేను సంచీలోంచి 1958 దస్తావేజు తీశాను. మడతల దగ్గర చిరిగిపోయి, సిరా గోధుమరంగు తిరిగిపోయింది. దక్షిణం గడిలో "బోదె అవతలి గట్టు" అని గుండ్రటి అక్షరాలతో స్పష్టంగా ఉంది. లేఖరి చూసి రాసింది దాన్ని కాదు, నాన్న సొసైటీ అప్పుకి పెట్టిన తనఖా దస్తావేజుని. అది రాసినవాడు ఎవరో తొందర్లో "అవతలి గట్టు" ఎగరగొట్టేశాడు. ఆ రెండు ముక్కలు పోతే బోదె పొడుగునా మనకి రావాల్సిన చోటు, దాని మీద కాపుకొచ్చిన చెట్లు కాగితం మీద గాల్లో కలిసిపోయినట్టే. 1బీలో విస్తీర్ణం ఉంటుంది గానీ హద్దులుండవు. ఆ ముసలావిడ లేకపోతే ఆ తప్పే రిజిస్టరై, ముందు ముందు అదే లింక్ డాక్యుమెంటయ్యేది.

అందరం హమ్మయ్య అనుకునేలోపు అత్త రెండో మాట అంది. "ఆ గట్టు పక్క కుంచం నాకు రాయండి. మిగతాది మీరిద్దరూ పంచుకోండి." కుంచమంటే మా వైపు పది సెంట్లు. చట్టప్రకారం ఆవిడకి అరవై సెంట్లు రావాలి, అడిగింది పది.

మా తమ్ముడి మొహం మాడిపోయింది. "ఈ వయసులో నీకు పొలమెందుకత్తా?" అన్నాడు.

"ఈ వయసులో నా సంతకం నీకెందుకురా? రేవు దాకా ఆటో పంపింది నువ్వే కదా."

వాడు చెట్టు కిందకెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. నేను మాత్రం లేఖరితో, హక్కు విడుదల తీసేసి భాగపరిష్కార దస్తావేజు, అంటే పంపకాల కాగితం, రాయండి, ముగ్గురి షెడ్యూళ్లూ విడివిడిగా వెయ్యండి, హద్దులు 1958 దాన్లోవి దించండి అన్నాను. ఆ రోజు ఎలాగూ సర్వరు రాలేదు. మళ్లీ వెళ్లినప్పుడు అత్త వేలిముద్ర యంత్రం తీసుకోలేదు. ఏళ్ల తరబడి పేడకళ్లు ఎత్తి, కొబ్బరి పీచు ఒలిచిన వేళ్లకి గీతలెక్కడుంటాయి? ఆపరేటరు తడిగుడ్డతో తుడిపించి, ఒక్కో వేలూ పెట్టించి, చివరికి ఎడమ చేతి ఉంగరపు వేలు పలికితే గట్టిగా, "వచ్చిందండోయ్" అన్నాడు. ఇప్పుడు దింపు తీసినప్పుడల్లా అత్త కాయల డబ్బులు అత్తకి వెళ్తున్నాయి. మా తమ్ముడే పంపుతున్నాడు, మొహం కూడా బాగానే ఉంది.

ఇదంతా ఎందుకంటే, పాస్‌బుక్కు ఉంటే పొలం మనదే అనే భ్రమ డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉంది. రెవెన్యూ రికార్డులో పేరుండటం హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పాస్‌బుక్కు అట్ట మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉండాలా, రాజముద్ర ఉండాలా అన్నది ఎన్నికలే తేల్చేశాయి. లోపల ఎవరి పేరు ఉండాలో తేల్చేది మాత్రం మన ఇంట్లో వాళ్ల సంతకాలే. భూ హక్కు చట్టమని ఒకటి తెచ్చారు, 2024లో రద్దు చేశారు, ఆ గొడవలో జనం గంటల తరబడి వాదించుకున్నారు గానీ సొంత దస్తావేజు ఇనప్పెట్టెలోంచి తీసి చదివినవాడు నాకు ఒక్కడూ కనపడలేదు. కోనసీమ కోర్టుల్లో నలుగుతున్న పొలం తగాదాల్లో సగం పైన ఆడపడుచు సంతకం ఎగ్గొట్టినవేనని నా నమ్మకం. ఎవరైనా కాదంటే ఒప్పుకోను. పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చి, ఇప్పటికీ పుట్టింటివాళ్ల 1బీలోనే ఉన్న చేలు మా ఊళ్లోనే ఎన్నో. ఇక లంకల్లో అయితే ఇంకో విచిత్రం. మా ఎరికలో ఒకాయన పొలాన్ని గోదావరి కోసేసి పట్టుకుపోయింది, అక్కడిప్పుడు పడవలు తిరుగుతున్నాయి. 1బీ తీస్తే మాత్రం పొలం సెంటు తగ్గకుండా ఉంటుంది.

ఇంకో బెడద పేర్లు. 1958 దస్తావేజులో మా ఇంటిపేరు ఒకలా, నాన్న ఆధార్‌లో ఇంకోలా, మరణ ధృవీకరణ పత్రంలో పొడి అక్షరాలు తారుమారు. దానికో అఫిడవిట్టు, దానికో నోటరీ. ఈ పని మీరు ముందే చేసుకోండి, ఆఫీసు గుమ్మంలో నిలబడి చేసుకునేది కాదు.

ఇప్పుడు మీ విషయం. ముందు మీ నాన్నగారికి ఆ తోట ఎలా వచ్చిందో కనుక్కోండి. కొన్నదైతే మీరు, అక్క, అమ్మగారు, నాన్నగారి తల్లి ఉంటే వాళ్లూ, అందరూ సమాన వారసులు. తాతగారి నుంచి వచ్చినదైతే మీ మేనత్తలు ఉన్నారేమో చూడండి, ఉంటే వాళ్ల దగ్గరికి ఫోన్లో కాకుండా మనిషిగా వెళ్లండి. నాన్నగారు వీలునామా రాసి ఉంటే, అది రిజిస్టర్ కాకపోయినా ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చెల్లుతుంది, కానీ ఆ సాక్షులు బతికుండగానే బయటపెట్టండి. ఎవరైనా బ్రోకరు "అక్క దగ్గర కొన్నట్టు రాయించుకోండి, పటిష్టంగా ఉంటుంది" అంటే వినకండి. అమ్మకానికి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం అవుతుంది. కుటుంబంలో భాగపరిష్కారానికి, దఖలుకి (డబ్బు పుచ్చుకోకుండా అయినవాళ్లకి రాసిచ్చేది) అంత పడదు. రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పు, దానంతటదే అయిపోతుందంటారు. మీరు మాత్రం 1బీ తీసి పేరు పడిందో లేదో కళ్లారా చూసుకోండి.

అక్కగారు సెలవు మీద వచ్చినప్పుడు పెట్టుకుంటే అన్నిటికన్నా మేలు. రాలేకపోతే కువైట్‌లోని మన ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అక్కడి అధికారి ముందు సంతకం పెట్టి పంపాలి. అందులో ఏ ఆస్తి, ఏ దస్తావేజు మీద, ఎవరు సంతకం పెట్టవచ్చో ఖచ్చితంగా ఉండాలి. తన వాటా తనకి ఉంచుకుంటుందో వదులుకుంటుందో కూడా ఆవిడ నోటితో ఆవిడే చెప్పి రాయించాలి, మీరు రాసి పంపిన నమూనా మీద కాదు. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి ముద్ర వేయించుకోవాలి. కొరియర్ కవరు పారెయ్యకండి, ఏ తేదీన వచ్చిందో చూపించడానికి అదే ఆధారం.