పాత ఓమ్నిలో పడక వేయించవచ్చా?

ప్రశ్న: మా 2008 మోడల్ ఓమ్నిలో వెనక సీట్లు తీసేసి మంచం వేయించి, కళింగపట్నం బీచ్‌కి, మన్యం మట్టిరోడ్లకి వెళ్లాలనుంది. కుదురుతుందా అండీ?
– ఓ పాఠకుడు, నరసన్నపేట

జవాబు: కుదురుతుందండీ, కానీ మంచం సంగతి తర్వాత, ముందు మెకానిక్ దగ్గర బండి లేపించి కింద చూడండి. ఉప్పుగాలికి ఫ్లోర్ షీటుని తుప్పు లోలోపలే తినేస్తుంది, పైన పెయింట్ బాగానే కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే దిగిపోయిందంటే అక్కడ వెల్డింగ్ పడాల్సిందే. 796 సీసీ ఇంజిన్ కాబట్టి బరువైన టేకు వద్దు, ప్లైవుడ్ చాలు. ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, ఆ వేడి తగలకుండా తల వెనక డోర్ వైపు పెట్టుకోండి. ఇది నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాదు, వదులు ఇసుకలో వెనక చక్రాలు గొయ్యి తవ్వుకుని కూర్చుంటాయి, గట్టి నేల మీదే ఆపండి. స్టవ్ మాత్రం బయటే వెలిగించండి, దయచేసి. సీట్లు పూర్తిగా తీసేయాలంటే ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించాలి. 15 ఏళ్లు దాటిన బండి కదా, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా అప్పుడే చూసుకోండి.