పాడే సాఫ్ట్‌వేర్‌కి బొమ్మ ఎంత ముఖ్యం? నేను చేసి చూసిన సంగతి

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. మాటలు, స్వరాలు ఇస్తే మనిషి గొంతుతో పాడే వోకలాయిడ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు హిట్ అయ్యేది గొంతు వల్లా, అట్ట మీది బొమ్మ వల్లా అన్నది ఒకటి. మీరు సొంతంగా ఒక వాయిస్‌బ్యాంక్, అంటే అలాంటి సాఫ్ట్‌వేర్ పాడటానికి వాడుకునే గొంతు రికార్డింగుల కట్ట, తయారు చేస్తున్నారు కాబట్టి బొమ్మ మీద ఎంత శ్రద్ధ పెట్టాలన్నది రెండోది. కొన్నేళ్ల క్రితం నేనూ ఇదే పని చేశాను. ముందు అది చెప్తాను.

నేను వాడింది ఉటావు. 2008లో జపాన్‌లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. మన గొంతు రికార్డు చేసి ఇస్తే దానితోనే పాడిస్తుంది. క, కి, కు, కె, కొ అంటూ జపనీస్ అక్షరాలన్నీ గుణింతం వల్లెవేసినట్టు ఒకే శ్రుతిలో పలకాలి. తర్వాత ఒక్కో ముక్కలో హల్లు ఎక్కడ అయిపోతుందో, అచ్చు ఎక్కడ అందుకుంటుందో గీతలు జరుపుతూ గుర్తు పెట్టాలి. ఈ పని నాకు రెండు నెలలు పట్టింది. గొంతు శుభ్రంగా వచ్చింది, ఆ తృప్తి ఇప్పటికీ ఉంది. గొంతు బాగుంటే చాలనుకుని బొమ్మ పెట్టలేదు. మూడు నెలల్లో పట్టుమని పదిమంది కూడా డౌన్‌లోడ్ చేసుకోలేదు. చేసుకున్నవాళ్లలో ఒక్కరూ పాట పెట్టలేదు. చాలా బాధపడ్డాను.

బొమ్మలు వేసే నా స్నేహితురాలు ఒకసారి ఆ గొంతు విని, "ఇలా పాడే అమ్మాయి చూడ్డానికి ఎలా ఉంటుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తనే వేసింది. పొట్టి జుట్టు, చేతులు మునిగిపోయేంత పెద్ద పసుపు రెయిన్‌కోటు, మెడలో గొలుసు, బూట్ల మీద నక్షత్రాలు, చెవికి మూడు రింగులు. పెద్ద సైజులో ముచ్చటగా ఉంది. కానీ ఉటావులో బొమ్మ కనపడేది నూరు పిక్సెళ్ల వెడల్పు, నూరు పిక్సెళ్ల ఎత్తున్న చిన్న చతురస్రంలో. అందులో పెట్టేసరికి గొలుసు, రింగులు అన్నీ బురదలా కలిసిపోయాయి. మిగిలింది పసుపు టోపీ, దాని కింద నల్లటి జుట్టు. తను కాసేపు చూసి, మిగతా నగలన్నీ చెరిపేసింది. అలా చెరిపేయడమే ఆ డిజైన్‌కి ప్రాణం పోసిందని నేను నమ్ముతాను.

ఆ బొమ్మతో మళ్లీ పెట్టిన వారంలోనే ఎవరో తెలియని మనిషి ఆ రెయిన్‌కోటు అమ్మాయిని గీసి పంపారు. నెల తిరిగేసరికి మూడు కవర్ పాటలు వచ్చాయి. గొంతు ఫైళ్లలో నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

అప్పటినుంచి ఈ సాఫ్ట్‌వేర్‌ల చరిత్రని వేరే కళ్లతో చూడటం మొదలుపెట్టాను. యమహా వోకలాయిడ్ టెక్నాలజీతో 2004లో మొదట అమ్మకానికి వచ్చిన లియోన్, లోలా అనే గొంతులకి మనిషి రూపమే లేదు. వాటిని వాయిద్యాల్లాగే అమ్మారు. అదే ఏడాది నవంబరులో సప్పోరోలోని క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అనే కంపెనీ మెయికో అనే గొంతుని తెచ్చింది. అట్ట మీద ఎర్ర దుస్తుల్లో మైకు పట్టుకున్న కార్టూన్ అమ్మాయి. 3,000కు పైగా కాపీలు పోయాయి, ఆ రంగంలో అది పెద్ద సంఖ్య.

బొమ్మ పెడితే చాలు అని ఇక్కడే తేల్చేయకండి. 2006లో అదే కంపెనీ తెచ్చిన మగ గొంతు కైటోకీ బొమ్మ ఉంది, నీలం జుట్టు, పొడవాటి మఫ్లర్. మొదట్లో 500 కాపీల దగ్గరే ఆగిపోయింది. తర్వాత అదే కంపెనీ నుంచి హత్సునే మికు అనే గొంతు వచ్చి జనం దృష్టి ఇటు తిప్పాక, అదే కైటో, అదే అట్టతో, మళ్లీ అమ్ముడవటం మొదలైంది. ఈలోగా నికోనికో లాంటి వీడియో సైట్లు వచ్చి, ఒకరు చేసింది ఇంకొకరు చూసి దానికి తమ వంతు కలిపే వీలు ఏర్పడింది. బొమ్మ విత్తనం లాంటిదే, నేల కూడా ఉండాలి.

మికు 2007 ఆగస్టు 31న విడుదలైంది. చిత్రకారుడు కెయి. యమహా పాత సింథసైజర్ డీఎక్స్7ని దృష్టిలో పెట్టుకుని గీశారు, అందుకే చేతి మీద ఆ బటన్లు, ఆకుపచ్చ కలిసిన నీలం రంగు. రెండు పొడవాటి పిలకలు గీసి ఆ రంగు పూస్తే చాలు, పదేళ్ల పిల్ల గీసినా మికు అని తెలిసిపోతుంది. అంతకన్నా నాకు నచ్చేది కంపెనీ చెప్పకుండా వదిలేసింది. వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. ఇంచుమించు అంతే. ఇల్లు, వాకిలి, కష్టం, సుఖం ఏమీ లేవు. ఆ ఖాళీలో జనం చేరారు. ఆమె చేతిలో కనిపించే ఉల్లికాడ కంపెనీ ఇచ్చింది కాదు, విడుదలైన కొద్ది రోజులకే ఒక అభిమాని వీడియోలోంచి వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే క్రిప్టన్ పియాప్రో అనే సైటు పెట్టి, వ్యాపారం కానంతవరకు ఆ బొమ్మల్ని ఎవరైనా వాడుకోవచ్చని దారి చూపించింది. అనుమతి స్పష్టంగా లేకపోతే ఎంత అందమైన డిజైన్ అయినా జనం ముట్టుకోవడానికి భయపడతారు.

ఈ విషయం నాకు సొంతంగా కూడా ఒంటబట్టింది. ఉత్సాహంలో మేమిద్దరం మా రెయిన్‌కోటు అమ్మాయికి రెండు పేజీల కథ రాశాం. తల్లి లేదు, ఎవరితోనూ మాట్లాడదు, వానంటే ఇష్టం, ఇలా. ఒకరోజు ఒకాయన, "కోపంగా అరిచే పాట ఒకటి చేశాను, మీ అమ్మాయికి సరిపోదేమో, వేరే గొంతు వాడుకోనా?" అని మెసేజ్ పెట్టారు. ఆ రాత్రే కథ మొత్తం తీసేశాను. పేరు, వయసు, పసుపు రంగు మాత్రం ఉంచాను. ఆయన పాట ఆ గొంతుతోనే వచ్చింది. ఇప్పటికీ నాకు బాగా ఇష్టమైనది అదే.

రూపం అసలు లేకుండా వచ్చినవీ ఉన్నాయి. 2010లో వచ్చిన వీవై1 అనే వోకలాయిడ్ గొంతుకి కావాలనే క్యారెక్టర్ ఇవ్వలేదు. అయినా అభిమానులు ఊరుకోలేదు, తమకు తోచిన ముఖాలు గీసుకున్నారు. పియానో శబ్దం వింటే వాయించేది ఎవరా అని అంతగా పట్టించుకోం, గొంతు వింటే మాత్రం మనిషిని వెతుకుతాం. కసానే టెటో సంగతి ఇంకా విచిత్రం. 2008 ఏప్రిల్ 1న సరదాకి పుట్టించిన ఉత్తుత్తి వోకలాయిడ్ ఆమె. స్ప్రింగుల్లా మెలి తిరిగిన ఆ ఎర్ర జుట్టు జనానికి ఎంత నచ్చిందంటే, తర్వాత ఉటావులో నిజంగానే గొంతు వచ్చింది. 2023లో సింథసైజర్ వీ అనే ఏఐ సాఫ్ట్‌వేర్‌లోకీ వచ్చింది. సాఫ్ట్‌వేర్ మారినా, గొంతు నాణ్యత మారినా, మనిషి అదే.

ఇక గొంతు. పాటలు కట్టేవాళ్లు దాన్ని గంటల తరబడి వింటూ కూర్చుంటారు. ముక్కుతో పలికినట్టో, పదాల చివర తెగిపోయినట్టో ఉంటే రెండో పాటకి మళ్లీ రారు. బొమ్మ మనిషిని గుమ్మం దాకా తీసుకొస్తుంది, లోపల కూర్చోబెట్టేది గొంతే. వెనక కోరస్‌కి సహజంగా వినపడే గొంతు కావాలనుకునేవాళ్లు అసలు బొమ్మ వైపే చూడరు, వాళ్లూ మీ గొంతు వాడుకునేవాళ్లే.

మీ విషయానికొస్తే, రికార్డింగ్ పూర్తయ్యాక ఆ గొంతుని ఒక బొమ్మలు వేసేవాళ్లకి వినిపించండి, మీ ఆలోచన ముందే చెప్పకండి. వాళ్లు గీసింది నూరు పిక్సెళ్లకి కుదించి చూడండి. చూడకుండా ఐదు నిమిషాల్లో మీరే పెన్సిల్‌తో మళ్లీ గీయగలరేమో ప్రయత్నించండి. ఎక్కడ తడబడితే అక్కడ ఏదో ఎక్కువైనట్టు. వాడుకునే షరతులు నాలుగు వాక్యాల్లో, మామూలు భాషలో రాసి వాయిస్‌బ్యాంక్ ఫోల్డర్‌లోనే పెట్టండి. 'స', 'ష' రికార్డు చేసేటప్పుడు మైకుకి కాస్త పక్కగా తిరిగి పలకండి, నేను వాటిని మూడుసార్లు మళ్లీ చేయాల్సి వచ్చింది.