పిక్క మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు

అమ్మలూ,

వచ్చే గురువారం హైదరాబాద్‌లో నీకు మోకాల్లో తెగిన లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) ఆపరేషన్ అనీ, ఆదివారం రాత్రి స్లీపర్ బస్సెక్కి చీరాల వచ్చేస్తావనీ నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "మళ్ళీ కోర్టులో దిగాలంటే ఆపరేషన్ తప్పదు పెదనాన్నా" అని పోయిన నెల నువ్వన్నప్పుడు నా మనసు నిండిపోయింది. ఈ దెబ్బ తగిలి కబడ్డీ మానేసిన ఆడపిల్లల్ని మా బళ్ళోనే ఎందరినో చూశాను. నువ్వు మాననన్నావు, చాలా సంతోషం. కానీ ఆ బస్సు మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇది రాస్తున్నాను.

ఐస్ పెట్టుకో, కాలు ఎత్తులో ఉంచుకో, మందులు వేళకి వేసుకో. ఇవి ఫిజియో ఎలాగూ చెప్తారు. మొదటి వారం మోకాలు వాచినా, కమిలిన నీలం మచ్చలు పాదం వైపు దిగినా, కుట్ల పక్కన కాస్త మొద్దుబారినా టెన్షన్ పడకు. దిండు మాత్రం మోకాలి కింద పెట్టకు, మడమ కింద పెట్టు. హాయిగా ఉందని మోకాలు వంచి పడుకుంటే తర్వాత కాలు తిన్నగా చాచడం రాదు. వారాలు గడిచినా చాచలేకపోతే, లోపల ఏదో అడ్డుపడినట్టు ఉంటే, వెళ్ళి చూపించుకో.

ఇక నా సంగతి చెప్తాను. 1996 సంక్రాంతి పోటీల్లో రెయిడర్ మడమ పట్టబోయి నా మోకాలు తిప్పుకున్నాను. మార్చిలో ఆపరేషన్ అయింది. ఐదో రోజున రాత్రి బస్సులో కాలు కదపకుండా ఇంటికొచ్చాను. దారిలో బస్సు ఆపమని అడగడానికి మొహమాటపడి నీళ్ళు కూడా తాగలేదు. పదకొండో రోజున నొప్పి మొదలైంది. మోకాల్లో కాదు, పిక్కలో. కండ పట్టేసినట్టు ఉంది. ఆటగాడికి పిక్క పట్టేయడం కొత్తేం కాదు కదా అనుకున్నాను.

మీ నాన్నమ్మ నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి ఇత్తడి గిన్నెలో తెచ్చింది. నా కాలు ఒళ్ళో పెట్టుకుని రెండు బొటనవేళ్ళతో కింద నుంచి పైకి రుద్దింది. మధ్యలో ఆగి, "ఇక్కడ వేడిగా ఉందిరా, గట్టిగా కూడా ఉంది" అంది. ఆ చేతికి తెలిసింది తల్లీ. దాని అర్థమే మాకు తెలియలేదు. అలా మూడు రోజులు రుద్దింది. మూడో రోజు రాత్రి పెరట్లోకి వెళ్ళొస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఊపిరి అందలేదు. గాలి పీలిస్తే పక్కటెముకల కింద కత్తి దిగినట్టు పోటు. మీ నాన్నకప్పుడు పందొమ్మిదేళ్ళు. కారు ఎవరిని అడిగాడో, ఎలా తెచ్చాడో గానీ నన్ను గుంటూరు చేర్చాడు. పిక్కలో కట్టిన రక్తం గడ్డ ముక్కయి ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నాను. ఆరు నెలలు మాత్రలు మింగాను.

"పిక్క ఎవరైనా పిసికారా?" అని డాక్టరు అడిగారు. మా అమ్మ మంచం పక్కనే నిలబడి ఉంది. "లేదండీ" అన్నాను. గడ్డ దానంతటదే కదిలిందో, రుద్దితే కదిలిందో ఎవరూ తేల్చలేరు. నొప్పి పుట్టిన రోజే ఆసుపత్రికి పరిగెత్తకపోవడం నా తప్పు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

అందుకని విను. ఒక పిక్క రెండో దాని కన్నా వాచినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, నొక్కితే నొప్పి పుట్టినా, రంగు మారినా తెల్లారేదాకా ఆగకు. ఆ రోజే వెళ్ళి, రక్తనాళాల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్ అడుగు. ఆయాసం వచ్చినా, గాలి పీలిస్తే ఛాతీలో పోటొచ్చినా, దగ్గులో రక్తం కనిపించినా నాకు కాదు ఫోన్ చేయాల్సింది, 108కి. మంచం మీద ఉన్నంతసేపూ పాదాలు పైకీ కిందకీ ఆడిస్తూ ఉండు. రక్తం పలచబడే మందు రాసిస్తే ఒక్క పూట కూడా మానకు. మీ పెదనాన్నకి గడ్డ కట్టిందని ఆపరేషన్‌కి ముందే డాక్టరుకి చెప్పు. నెలసరి కోసం హార్మోన్ మాత్రలేవైనా వేసుకుంటుంటే అదీ చెప్పు. ఇది మీ పెద్దమ్మ రాయమన్న మాట.

ఇంకోటి, చీము. అరుదే గానీ వస్తే ఆలస్యం పనికిరాదు. నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగి, మోకాలు కాలిపోతూ, చలిజ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, రసి కారినా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళు. మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి వేసుకోకు. మోకాల్లోంచి నీరు తీసి పరీక్ష చేయాలి, ముందే మాత్ర పడితే ఏ క్రిమో దొరకడం కష్టమవుతుంది. నొప్పి మాత్రలు జ్వరాన్ని కప్పేస్తాయి, అందుకని మాత్రకి ముందే థర్మామీటర్ పెట్టుకో. కట్టు బిగుసుకుని వేళ్ళు చల్లబడినా, నీలం తిరిగినా, పాదం పైకి లేవకపోయినా అప్పుడే నర్సుని పిలువు. మొహమాటపడకు. అది మన ఇంటి జబ్బు, నీకూ ఉంది.

మూడో నెలకి కాలు బాగైపోయిందనిపిస్తుంది. నమ్మకు. లోపల వేసిన కొత్త లిగమెంట్ అప్పటికింకా గట్టిపడదు. తొమ్మిది నెలలు నిండేదాకా కూత పెట్టకు. ఆ తర్వాతైనా ఫిజియో పరీక్ష చేసి సరే అంటేనే.

ఆపరేషన్ అయిన వెంటనే గంటల తరబడి కాలు కదపకుండా ఉంటే నాలాగే గడ్డ కట్టొచ్చు, అందుకే బస్సు టికెట్ రద్దు చెయ్యి. మొదటి చెకప్ అయి, డాక్టరు సరే అనేదాకా అక్కడే ఉందాం. నేను బుధవారం పొద్దున బండికి వస్తున్నాను. టైలరు టేపు తెస్తాను. ఆపరేషన్‌కి ముందే రెండు పిక్కలూ కొలిచి రాసుకుందాం, తర్వాత రోజూ రాత్రి కొలుద్దాం.

ఇంటికొచ్చాక నాన్నమ్మ తప్పకుండా నూనె గిన్నె తెస్తుంది. 80 దాటినా ఆ అలవాటు పోలేదు. "డాక్టరు కాలు ముట్టుకోవద్దన్నారు నాన్నమ్మా" అను, అంతకు మించి ఒక్క మాట కూడా చెప్పకు. తల వంచి కూర్చో. నూనె తలకి రాయించుకో.

మీ పెదనాన్న