పాత కామిక్ పుట కోసం డిపాజిట్ రద్దు చేసుకోవచ్చా?

ప్రశ్న: 1963 నాటి అమెరికన్ సూపర్‌హీరో కామిక్‌కు గీసిన అసలు పుట అంటూ ఒకరు నాకు అమ్మజూపుతున్నారు. బొమ్మ కొలత 10 × 15 అంగుళాలు. అమ్మే వ్యక్తే రాసిచ్చిన ధ్రువపత్రం ఉంది. పాప చదువుకు దాచిన డిపాజిట్ రద్దు చేసుకుని కొనవచ్చా?

జవాబు: దయచేసి ఆ డిపాజిట్‌ను కదిలించకండి. మీరు రాసిన కొలత దగ్గరే నాకు అనుమానం మొదలైంది. 1960ల మధ్య వరకు అమెరికన్ కామిక్ పుటలను అచ్చులో కనిపించే సైజుకు దాదాపు రెట్టింపులో, అంటే సుమారు 12 × 18 అంగుళాలలో గీసేవారు. 10 × 15కు తగ్గించింది 1967 ప్రాంతంలో. అందువల్ల మీకు చెప్పిన సంవత్సరమైనా తప్పై ఉండాలి, లేదా అచ్చయిన పుటను చూసి తర్వాత ఎవరో మళ్లీ గీసినదైనా కావాలి. ఆ చిత్రకారుడే అభిమాని కోరిక మీద ఏళ్ల తర్వాత మళ్లీ గీసి సంతకం పెట్టి ఉంటే అందులో మోసమేమీ లేదు, కానీ దానికి అసలు పుట ధర చెల్లదు.

అసలు పుట ప్రెస్సుకు వెళ్లేందుకు తయారైన వస్తువు, కాబట్టి ఆ పని ఆనవాళ్లు దాని మీద ఉంటాయి: అంచుల్లో సంచిక, పుట సంఖ్యలు, కెమెరాకు చిక్కని లేత నీలం పెన్సిల్ గుర్తులు, పొరపాట్ల మీద పూసిన తెల్లరంగు, అతికించిన అక్షరాల చుట్టూ పసుపెక్కిన జిగురు మరక. లైట్ బాక్స్ (కింద నుంచి వెలుగు వచ్చే పెట్టె) మీద పెట్టి దిద్దిన నకలులో గీత తరచు ప్రాణం లేకుండా సాగుతుంది. వెనుక కామిక్స్ కోడ్ ముద్ర, అంటే అప్పట్లో అమెరికన్ కామిక్స్‌ను పరిశీలించి ఆమోదించిన సంస్థ ముద్ర, ఉండవచ్చు; ఆ సంస్థ ఏర్పడింది 1954లో, కనుక 1940ల నాటిదని చెప్పే పుటపై ఆ ముద్ర ఉంటే ఆ మాట నమ్మనక్కర్లేదు. అతినీలలోహిత కాంతిలో కాగితం నీలంగా మెరిసినా అంతే, ఎందుకంటే మెరుపునిచ్చే రసాయనాలు కాగితంలో వాడుకలోకి వచ్చింది ఇంచుమించు 1950 నుంచే. మెరవనంత మాత్రాన అది పాతదని రుజువు కాదు.

ఇక డబ్బు సంగతి. కళాఖండం వడ్డీ ఇవ్వదు, అమ్మాలంటే నెలలు పట్టవచ్చు, వేలం సంస్థ కమిషన్ తీసుకుంటుంది. పాప ఫీజు గడువు మాత్రం ఆగదు. అమ్మేవారి ధ్రువపత్రానికి నేను ఏ విలువా ఇవ్వను. నిజంగా మనసు పడితే, పోయినా ఇంటికి ఇబ్బంది రాని మిగులు సొమ్ముతోనే, అదీ ఈ అమ్మకంతో సంబంధం లేని నిపుణుడు చూశాకే కొనండి. నకలని తేలితే పూర్తి సొమ్ము వాపసు ఇస్తామని, ఆ పుట ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వివరిస్తూ, అమ్మేవారి చేత రాతపూర్వకంగా తీసుకోండి. ముందుగా ఫ్రేము తీయించి, వెనుక వైపు, నాలుగు అంచులు స్పష్టంగా కనిపించే ఫొటోలు అడగండి. అందుకు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో వదిలేయండి.