పుట్టిల్లు కర్నూలు, మెట్టినిల్లు తుళ్లూరు: రాయనా, మాననా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పుట్టింది కర్నూలులో. మెట్టింది తుళ్లూరు మండలంలోని ఒక పల్లెలో. మావారు జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. మా అత్తగారివాళ్లు మొదటి విడత భూసమీకరణలోనే (కౌలు, అభివృద్ధి చేసిన స్థలాలు ఇస్తామని ప్రభుత్వం రైతుల భూమి తీసుకోవడం) నాలుగెకరాల జరీబు భూమిని, అంటే నీటి వసతి ఉన్న సారవంతమైన భూమిని, అమరావతి రాజధానికి ఇచ్చారు. నేను కొన్నేళ్లుగా నెట్‌లో రాజకీయాల మీద తెలుగులో వ్యాసాలు రాస్తున్నాను. అమరావతి రైతుల బాధ రాస్తే, కర్నూలులో లాయరుగా ఉన్న మా అన్నయ్య "అత్తింటి పాట మొదలెట్టావా?" అంటాడు. సీమకు హైకోర్టు అడగడం న్యాయమేనని రాస్తే, ఒక పార్టీలో తిరిగే మా మరిది "ఇక్కడి అన్నం తింటూ అక్కడి మాటలా వదినా?" అంటాడు. ఈమధ్య ఒక వ్యాసంలో, ఇచ్చిన భూమికి ప్రభుత్వం ఏటా ఇచ్చే కౌలు డబ్బు ఆలస్యమైన ఏడాది మా అత్తగారు గాజులు తాకట్టు పెట్టిన సంగతి రాశాను. పేరు పెట్టలేదు. అయినా ఊళ్లో పోల్చుకున్నారు. అంతవరకు మా మామగారికే తెలియని ఆ సంగతిని టీ కొట్టు దగ్గర ఆయనకు ఎవరో ఫోన్లో చదివి వినిపించారట. అప్పట్నుంచి అత్తగారు నాతో మాట్లాడటం లేదు. అమరావతే రాజధానిగా ఉండాలన్న ఉద్యమ శిబిరంలో నెలల తరబడి కూర్చున్న మనిషి ఇంత చిన్న విషయానికి ఎందుకు ఇంత బాధపడుతున్నారో తెలియదు. "నా ఉద్యోగం మీదకు తెచ్చేలా ఉన్నావు, ఇక రాయడం మానెయ్" అని మావారి గొడవ. రెండో విడత భూసమీకరణ మీద రాసిన వ్యాసం సిద్ధంగా ఉంది. వేయనా? రాయకపోతే నాకు నిద్ర పట్టదు. నేను చేసిన తప్పేమిటి?

జవాబు: మీ అత్తగారి గాజుల దగ్గరే మొదలుపెడతాను. అన్నయ్యకూ మరిదికీ ఉన్న కోపం రాజకీయాల మీద. ఎన్నికలు వచ్చి పోయినట్టే అది పెరుగుతుంది, తగ్గుతుంది. అత్తగారి మౌనం అలాంటిది కాదు. మీరు "చిన్న విషయం" అన్నది ఆవిడకు చిన్నది కాదమ్మా.

తాకట్టు సంగతి మీకెలా తెలిసిందో రాయలేదు. మామగారికే తెలియని సంగతి కోడలికి తెలిసిందంటే, ఆవిడే నోరు తెరిచి చెప్పుకుని ఉండాలి, లేదా తాకట్టు కొట్టుకు మిమ్మల్నే వెంటబెట్టుకుని వెళ్లి ఉండాలి. మన ఇళ్లల్లో అత్తగారు కోడలిని అంతగా నమ్మడం మామూలు విషయం కాదు. భూమి ఉన్నన్నాళ్లూ అరటో, కూరగాయలో, ఏదో ఒక పంట మీద ఇంట్లోకి డబ్బు వచ్చేది. భూమి ఇచ్చాక ఏడాదికోసారి బ్యాంకులో పడే కౌలే ఆధారం. జరీబుకు ఎకరానికి మొదటి ఏడాది 50 వేలు, ఆ పైన ఏటా ఐదేసి వేలు పెంపు. అది సమయానికి పడకపోతే ఇల్లు గడవడమెలా అన్న ప్రశ్న ముందుగా వచ్చి కూర్చునేది వంటింట్లోనే. మగవాళ్లు బయట చేబదులు తెచ్చుకుంటారు. ఆడవాళ్లకు చేతినున్న బంగారమే దిక్కు. భర్త పరువు పోకూడదనే ఆవిడ ఆ పని ఆయనకు కూడా తెలియకుండా చేశారు. ఎవరి పరువు కోసమైతే దాచారో, ఆయనకే టీ కొట్టు దగ్గర నలుగురి ముందు తెలిసింది.

శిబిరంలో కూర్చున్న మనిషికి ఇంత బాధేమిటని అడిగారు. రాజధానిని మూడు ఊళ్లకు పంచే మాట వచ్చిన 2019 డిసెంబరు నుంచి తుళ్లూరు, మందడం, వెలగపూడి శిబిరాల్లో మీ అత్తగారిలాంటి వాళ్లు ఎందరో మైకు ముందుకొచ్చి మాట్లాడారు. అంతకుముందు గడప దాటి నలుగురిలో నోరు విప్పని వాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. భూమి ఇచ్చి మోసపోయామన్నది ఊరందరి బాధ. దాన్ని ఎలుగెత్తి చెప్పడం ఆవిడ సొంత నిర్ణయం. గాజుల సంగతి ఆవిడ ఒక్కదానిది. దాన్ని చెప్పే నిర్ణయం మీరు తీసుకున్నారు. పేరు పెట్టలేదన్న మాట పల్లెలో చెల్లదు. కోడలు రాసిందంటే అత్తగారి గురించేనని ఎవరికైనా తడుతుంది.

రాసేవాళ్ల ఇళ్లు ఆ రాతలకు మూల్యం చెల్లించడం మనకు కొత్త కాదు. వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి రాస్తూ వచ్చారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. వెలి వేసినప్పుడు ఆ ఇంటికి వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రాకుండాపోయారు. గోదావరి నుంచి బిందెలు మోసింది, వచ్చిన వాళ్లందరికీ వండి పెట్టింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. ఆవిడ ఆ కష్టం తెలిసి, ఒప్పుకుని మోశారు. ఆ పని తనదీ అనుకున్నారు. మీ అత్తగారిని మీ రాతలో కలుస్తారా అని ఎవరూ అడగలేదు. నాకు కనిపిస్తున్న తప్పు ఇదొక్కటే. దీన్ని సరిదిద్దుకోగలరు.

ముందు ఆ పేరా తీసేయండి. తీసేశాక, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని ఆవిడ దగ్గర కూర్చోండి. "అత్తయ్యా, మీ సంగతి మిమ్మల్ని అడక్కుండా రాశాను. అది రాయాల్సింది కాదు. తీసేశాను. ఇకమీద మీ గురించి మిమ్మల్ని అడక్కుండా ఒక్క ముక్క రాయను." ఇంతే చెప్పండి. రైతుల కష్టం లోకానికి తెలియాలనే కదా రాశాను అని సమర్థించుకోకండి. ఆ మాట అంటే ఇప్పటిదాకా చెప్పిందంతా వృథా. ఆవిడ వెంటనే మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోయినా సరే, లేచి మీ పని మీరు చూసుకోండి. రోజూ వెళ్లి బతిమాలితే, మిమ్మల్ని ఓదార్చే భారం కూడా ఆవిడ మీదే పడుతుంది. మామగారితో మీ భర్త మాట్లాడాలి. తండ్రీకొడుకుల మధ్య ఆ మాట వేరుగా నడుస్తుంది. కోడలు ఆ మాట ఎత్తితే ఆయనకు ఇంకా చిన్నతనం.

ఇక మీ అభిప్రాయాల సంగతి. ఇక్కడ మీరు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఇంటి సంగతులకు ఇంటివాళ్లను అడగాలి. రాజధాని ఎక్కడుండాలో, హైకోర్టు ఎక్కడుండాలో అన్నది రాష్ట్రంలో ఓటున్న ప్రతి మనిషిదీ. కర్నూలులో పుట్టి తుళ్లూరులో ఉంటున్న మనిషి దీని మీద రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

మీ అన్నయ్య కోపం వెనక ఎనభై ఏళ్లు దాటిన కథ ఉంది. కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒప్పందంలో సీమకు రాజధానో హైకోర్టో ఇస్తామని పెద్దమనుషులు ఒప్పుకున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలు, ఆ మరుసటి ఏడాది హైకోర్టు గుంటూరులో. 1956 నవంబరు 1న రెండూ హైదరాబాదుకు పోయాయి. అంటే ఒకప్పుడు మీ పుట్టింటి ఊళ్లో రాజధాని, మీ మెట్టినింటి జిల్లాలో హైకోర్టు. ఇప్పుడు రెండిళ్లూ తగువులాడుతున్నది అదే లెక్కను తిరగేసి. 2014 విభజన తర్వాత, కొత్త రాజధాని ఎక్కడుండాలో చూడమని కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ, విజయవాడ, గుంటూరు మధ్య సారవంతమైన భూముల్లో ఒకే పెద్ద రాజధాని వద్దని చెప్పింది. మీ అన్నయ్య దాన్ని ఎత్తి చూపిస్తాడు. మీ మరిది ప్రభుత్వ మాట నమ్మి ముప్ఫై వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులను చూపిస్తాడు, అమరావతినే రాజధానిగా కట్టాలన్న 2022 మార్చి 3 హైకోర్టు తీర్పును చూపిస్తాడు. ఇద్దరి దగ్గరా అబద్ధం లేదు. ఒకరి కష్టం చెబితే రెండోవాళ్ల కష్టాన్ని కొట్టేసినట్టుగా వినబడటమే చిక్కు.

అన్నయ్యతో ఫోన్లో వాదించకండి. ఫోన్లో వాదన గెలుపు ఓటములకే దారి తీస్తుంది. ఈసారి సీమ గురించి రాసేటప్పుడు ఆయన వాదనను ఆయన చెప్పినదానికన్నా బలంగా రాయండి. "నేననేది ఇదే" అని ఆయన అనుకునేలా రాశాక, మీరు ఎక్కడ విభేదిస్తారో చెప్పండి. ఆయన ఒప్పుకోడు, కానీ చెల్లెలు తన మాట విన్నదని తెలుస్తుంది. మరిది విషయం వేరు. పార్టీలో తిరిగేవాడికి ఇంట్లో మనిషి రాసిన ప్రతి వాక్యానికీ బయట జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఆయన ఇబ్బంది నిజమే. అయినా అన్నం మాట అనడం హద్దు దాటడమే. ఆ ఇంటి అన్నం మీరు వండుతున్నది కూడా. ఆ మాట తమ్ముడికి మీ భర్తే చెప్పాలి. మీరు ఫ్యామిలీ గ్రూపులో జవాబు పెడితే అది పది మంది చేతుల్లోకి పోతుంది.

మీ భర్త భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. ప్రభుత్వ టీచర్లకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. పార్టీల్లో ఉండకూడదు, ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించకూడదు. ఆ ఆంక్షలు ఉద్యోగం చేసే ఆయనకు, మీ అభిప్రాయాలకు కాదు. అయితే మీరిద్దరూ కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మీ వ్యాసాన్ని ఆయన తన ఫోను నుంచి షేర్ చేయకూడదు, స్టేటస్ పెట్టకూడదు, స్టాఫ్‌రూంలో చూపించకూడదు. ఆయన నంబరుతోనో మెయిల్‌తోనో మీ ఖాతా నడుస్తుంటే ఈ రోజే మార్చండి. స్కూలు సంగతులు, ఎమ్ఈవో (మండల విద్యాధికారి) సంగతులు, ఆయన నోట విన్నవేవీ మీ వ్యాసంలోకి రాకూడదు. ఇంకా అనుమానముంటే, ఆయన ఉపాధ్యాయ సంఘంలో నియమాలు తెలిసిన పెద్దవాళ్లు ఉంటారు, వాళ్లను అడగమనండి. మీరు చెబితే నమ్మని మాట వాళ్లు చెబితే నమ్ముతారు.

మీ పేరున రాసేదానికి జవాబుదారీ మీరే. ఆన్‌లైన్ రాతల మీద ఇష్టం వచ్చినట్టు కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. పరువునష్టం చట్టం అలాగే ఉంది. విధానాన్ని ఎంత గట్టిగా విమర్శించినా ఫరవాలేదు. ఫలానా నాయకుడు ఇన్ని ఎకరాలు కొన్నాడని రాసేముందు మాత్రం చేతిలో కాగితం ఉండాలి.

రాయకపోతే నిద్ర పట్టదన్నారు. నమ్ముతాను. అయితే రాయడం ఒకటి, బయటపెట్టడం ఒకటి. మనసు తేలికపడేందుకు రాసేది నోటుబుక్కులో ఉన్నా ఆ పని చేస్తుంది. అందులో అత్తగారి గాజులూ రాసుకోవచ్చు, మరిది మాటలూ రాసుకోవచ్చు. బయటపెట్టేది పదిమంది కోసం రాసేది. రాత్రి రాసి రాత్రే పెట్టే అలవాటుంటే మానుకోండి. కోపం మీదున్న వాక్యాలు తెల్లారి చదివితే మీకే తెలిసిపోతాయి.

రెండో విడత వ్యాసం వేయండి. అందులో ఇంటివాళ్ల ప్రస్తావన ఉంటే, ఎవరిదైతే వాళ్లను అడగండి. వద్దంటే తీసేయండి. అనుభవం కావాలంటే మీ సొంత అనుభవం రాయండి. మొదటి విడతలో జరీబు ఎకరానికి ఇస్తామన్న వెయ్యి గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలంలో మీ ఊళ్లో ఎందరికి ఏ మేరకు చేతికి వచ్చిందో కనుక్కుని రాయండి. భూమి లేని కూలీలు ఇప్పుడు ఎక్కడ పని వెతుక్కుంటున్నారో అడిగి రాయండి. కొత్తగా భూమి అడుగుతున్న ఊళ్లవాళ్లకు కావలసింది ఆ లెక్కలే. వేసేముందు ఒకసారి మీ భర్తకు చదవమని ఇవ్వండి, ఒక షరతు మీద: ఇది ఇంటి సంగతి అని ఆయన గీత పెట్టిన వాక్యాన్ని మీరు ఎదురు చెప్పకుండా తీసేస్తారు, ఈ అభిప్రాయం నాకు నచ్చలేదని గీత పెట్టినదాన్ని ఉంచుతారు.