మేనకోడలికి, లేబుల్ గురించి

అమ్మడూ,

నల్లమలలో నీకు దొరికిన సిరోపీజియా తీగ కొత్త జాతేనని, దాని మీద ఇండియన్ అసోసియేషన్ ఫర్ యాంజియోస్పెర్మ్ టాక్సానమీ (పూల మొక్కల వర్గీకరణ సంఘం) సమావేశంలో పేపర్ చదవబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ సంతోషంలో రెండోసారి కాఫీ పెట్టించుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

టికెట్ ముందే చేయించుకో. అటవీ శాఖ పర్మిషన్ కాగితం జిరాక్స్ దగ్గరుంచుకో. స్లైడ్లు తగ్గించు.

1990లో వృక్షశాస్త్రవేత్త మణిలాల్ గారి చొరవతో కాలికట్‌లో మొదలైన సంఘం అది. వాళ్ల పత్రిక పేరు ‘రీడియా’. మలబారు మొక్కల మీద 12 సంపుటాలు తెచ్చిన డచ్చి గవర్నర్ వాన్ రీడ్ పేరు అది. ఆ పుస్తకం వెనక ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడి నోటిమాట ఉంది. మన సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కూడా మొక్కల తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. నీకు ఆ తీగ చూపించిన చెంచు పెద్దాయన దాన్ని ఏమని పిలిచాడో రాశావా? రాసి ఉండవు. మీరు ఫోటోలు తీస్తారు గానీ నోరు తెరిచి అడగరు.

నాకూ నీ వయసులో అదే అడవిలో ఒక సిరోపీజియా దొరికింది. రెండే పూలు. అడుగున ఉబ్బిన గొట్టం, పైన కొసలు కలుసుకున్న రెక్కలు, చిన్న లాంతరులా. వాన పడుతోంది. ఒక పువ్వైనా స్పిరిట్ సీసాలో వెయ్యాలి కదా, సీసా తీసుకెళ్లలేదు. రెండూ మొక్కలు ఆరబెట్టే ప్రెస్‌లో పెట్టి అణిచేశాను. లోపలి నిర్మాణమంతా పేపరుకు అతుక్కుపోయింది.

అది చిన్న తప్పే. మొక్క ఎక్కడ దొరికిందో చెప్పే లేబుల్ బసకు వెళ్లాక రాద్దామనుకున్నాను, అది పెద్దది. మూడు రోజులు తిరిగాం, కట్టలు కలిసిపోయాయి. కాలేజీకి వచ్చాక ఏ మొక్క ఏ వాగు దగ్గరిదో గుర్తు రాలేదు. మా సారు అడిగితే తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. ‘అహోబిలం దగ్గర’ అని రాసేశాను. ఊహ, అంతే. తర్వాత నాలుగు వానాకాలాలు తిరిగాను, అది మళ్లీ కనబడలేదు. కొన్నేళ్లకి వేరే ఊరి నుంచి ఒక కుర్రాడు నా లేబుల్ నమ్మి, సెలవు పెట్టి, అహోబిలం కొండలన్నీ గాలించి ఒట్టి చేతులతో వెళ్లాడు. వెళ్తూ నా దగ్గరికొచ్చి, “వానలు సరిగ్గా పడలేదేమో సార్” అన్నాడు. నేను అవునన్నాను.

అది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నీ సమావేశంలో కూర్చునేవాళ్లలో ఒకే ప్రజాతితో ముప్ఫై ఏళ్లు కాపురం చేసినవాళ్లుంటారు. నీ జాతి కొత్తదా కాదా అని గట్టిగా అడుగుతారు, అడగనీ. పాత టైప్ షీట్లతో, అంటే జాతులకు పేర్లు పెట్టినప్పటి ఎండు నమూనాలతో, పోల్చి చూశావా, నీ జాతి పేరుకు ఆధారమైన హోలోటైప్ నమూనా ఏ హెర్బేరియంలో (ఎండు మొక్కలు దాచేచోట) పెట్టావు అంటారు. వాటికి జవాబు నీ దగ్గర ఉంటుంది, నాకు నమ్మకమే. కానీ ఎక్కడ దొరికిందో నీ నోట్‌బుక్కులో పెన్సిల్‌తో, ఆ రోజే, ఆ చెట్టు కిందే రాసి ఉండాలి. జీపీఎస్ ఉందిగా అంటావు. ఫోన్ వానలో తడిస్తే?

దీంతోపాటు చిన్న స్లిప్ పెట్టాను. వచ్చేటప్పుడు మా పాత కాలేజీలో దిగి, అల్మారాలో నా షీటు వెతికి, లేబుల్ పక్కన అతికించు. పాతది చింపకు, మన పద్ధతి కాదు. ‘స్థలం ఊహించి రాసినది’ అని సంతకం పెట్టాను. ఆ షీట్లు పాదరసం మందులో ముంచినవి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టకు.

మీ మావయ్య