డాంగిల్ పెడితే సీడీ బొమ్మ వస్తోందా?
అన్నా, నెట్ డాంగిల్ (సిమ్ వేసి యూఎస్‌బీ పోర్టులో గుచ్చేది) పెడితే లైటు వెలుగుతోంది గానీ ఉబుంటులో (విండోస్‌కు బదులు వాడే లినక్స్ సిస్టమ్) నెట్ రాకుండా సీడీ బొమ్మ వచ్చి కూర్చుంటోంది అన్నారు కదా, అది పాడైపోలేదు, టెన్షన్ పడకండి. విండోస్ డ్రైవర్లు దాని లోపలే పెట్టి అమ్ముతారు, అందుకే ముందు సీడీ డ్రైవులా కనిపిస్తుంది. దాన్ని మోడెమ్‌గా మార్చేది యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ (usb-modeswitch) అనే ప్యాకేజీ. నెట్ లేకుండా దాన్నెలా దించుకోవాలంటారా, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, ఆ నెట్‌తో దించుకోండి.

ఇన్‌స్టాల్ అయ్యాక డాంగిల్ తీసి మళ్లీ పెట్టి, అర నిమిషం ఆగి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb, గుచ్చిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఆదేశం) అని కొట్టండి. డాంగిల్ వరసలో కనిపించే ఐడీలో కోలన్ (:) తర్వాతి భాగం మారితే పని అయినట్టే, నాది 1446 పోయి 1001 వచ్చింది. ఇక నెట్‌వర్క్ మేనేజర్‌లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ చేసి ఏపీఎన్ (సిమ్ కంపెనీ తన నెట్‌కు పెట్టిన పేరు) రాయండి. బీఎస్ఎన్ఎల్ సిమ్ అయితే బీఎస్ఎన్ఎల్‌నెట్, అంటే bsnlnet, అన్నీ చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండొద్దు. నంబరు అడిగితే *99#.

ఇంకోటి, సిగ్నల్ కోసమని హన్మకొండ చౌరస్తాలో పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరు కొని కిటికీ దాకా లాగి రెండు రోజులు తల పట్టుకున్నాను, మాటిమాటికీ కనెక్షన్ ఊడిపోయేది. వైరు తీసేసి సీపీయూ వెనక పోర్టులో నేరుగా గుచ్చాకే నిలబడింది. మీరూ ముందు అక్కడే పెట్టి చూడండి.